ఇంటి ముచ్చట: పిల్లలకు కూడా రక్తపోటా?

ఈ నెల ఈ శీర్షికకు ఏమి వ్రాయాలా అని ఆదివారం పూట కాగితాలు ముందేసుకుని కూర్చున్నాము. కాఫీ తెచ్చిన మా అమ్మాయి, "నాన్నగారూ, నా సంగతే వ్రాయరాదా? పదిమందికి తెలుస్తుంది గదా" అన్నది. మేము కలం క్రింద పెట్టి దాని ముఖం వంక చూచాము. ఆ మాట అనడానికి దానికి ఏడేళ్ళు పట్టింది. వినడానికి మాకూ అంతే పట్టింది.

మా అమ్మ మటుకు ఒప్పుకోలేదు. "ఆడపిల్ల సంగతి అచ్చు వేయిస్తావా? ఆ పత్రిక వెనుక పేజీలోనేగా సంబంధాల ప్రకటనలు పడేది! ముందు పేజీలో నువ్వు ఇది వ్రాస్తే వెనుక పేజీలో దాని మాట ఎవరు ఎత్తుతారు?" అని నిలదీసింది. ఆమె మాటలోనూ నిజం ఉన్నది. బరంపురంలో మన తెలుగువారు ఎన్ని తరాలుగా ఉంటున్నా, ఒక ఇంట తుమ్మితే నాలుగు వీధులవతల "చిరంజీవ" అంటారు. అయినా ఎందుకు వ్రాస్తున్నామో చివరకు మీకే తెలుస్తుంది.

2018లో అమ్మాయికి పదేళ్ళు. బడినుంచి వస్తూనే తలనొప్పి అనేది. ఎండ అనుకున్నాము. పరీక్షల భయం అనుకున్నాము. మా అమ్మ ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి దిష్టి తీసింది. ఒకటి రెండు సార్లు ముక్కునుంచి రక్తం వచ్చింది. వేడి చేసిందని చల్ల త్రాగించాము. బల్లమీది అక్షరాలు మసకగా ఉన్నాయంటే కళ్ళజోళ్ళ కొట్టుకు తీసుకుపోయి జోడు కొన్నాము. జోడు వచ్చింది గాని తలనొప్పి పోలేదు. ఇట్లా ఆరునెలలు గడిచాయి.

ఆ తర్వాత ఒక కంటి డాక్టరుగారు కనుపాపలో మందు వేసి లోపలకు దీపంతో చూచారు. చాలాసేపు చూచి, "ఈ అమ్మాయికి ఎప్పుడైనా బి.పి. చూచారా?" అని ఒరియాలో అడిగారు. మాకు నవ్వు వచ్చినంత పని అయింది. బి.పి. అంటే మా ఆఫీసులో హెడ్ గుమాస్తాగారికి ఉండేది. పదేళ్ళ పిల్లకు బి.పి. ఏమిటి? కంటి వెనుకనున్న సన్నని రక్తనాళములు ఒత్తిడికి ఎట్లా మారాయో ఆయన మాకు బొమ్మ గీసి చూపించారు. శరీరంలోని రక్తనాళములను కోయకుండా కంటితో చూడగలిగిన చోటు అదొక్కటే నట.

అక్కడినుంచి దగ్గరలోని ఒక ఆసుపత్రికి పోయాము. పేరు చెప్పము, తప్పు ఒక్కరిది కాదు. అక్కడ పిల్లల పట్టీ లేదు. పెద్దల చేతికి చుట్టే పట్టీనే సన్నని ఆ చేతికి రెండు చుట్లు చుట్టి, "బాగానే ఉన్నది, పొండి" అన్నారు. మేము సంతోషంగా ఇంటికి వచ్చాము. తలనొప్పి కూడా మాతోనే వచ్చింది.

మరి పదిరోజులకు పిల్లల డాక్టరమ్మగారి దగ్గర అసలు సంగతి తేలింది. పట్టీ చేతికంటె పెద్దదైతే అంకె తక్కువగా చూపిస్తుంది; చిన్నదైతే ఎక్కువగా చూపిస్తుంది. పట్టీలో గాలి నిండే సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో నూటికి 40 పాళ్ళు ఉండాలి. పొడవు చేతి చుట్టూ నూటికి 80 నుంచి 100 పాళ్ళు రావాలి. ఆవిడ పిల్లను అయిదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేలకు ఆనేటట్లు కూర్చోబెట్టి, మాట్లాడనీయక, కుడిచేతికి తగిన పట్టీ చుట్టి చూచారు. 152, క్రింద 98. ఒకసారి కాదు, మూడుసార్లు. మా ఇంటావిడ మా చేయి పట్టుకున్నది. అప్పుడు ఎవరికి ఎంత బి.పి. ఉన్నదో చెప్పడం కష్టం.

పెద్దలకు 120 మంచి అంకెయే అని మనందరికీ తెలుసు. పిల్లల లెక్క అట్లా కాదు. పదమూడేళ్ళలోపు పిల్లలకు వయస్సు, ఎత్తు, ఆడపిల్లా మగపిల్లవాడా అన్నది చూచి పట్టిక ప్రకారం లెక్క కడతారు. అటువంటి నూరుమంది పిల్లలను వరుసలో నిలబెడితే తొంభై అయిదో వానితో సమానంగాగాని, అంతకు మించిగాని వేర్వేరు రోజులలో మూడుసార్లు కనబడితే దానిని రక్తపోటు అంటారు. పదేళ్ళ, సగటు ఎత్తుగల ఆడపిల్లకు 120 అంటే అప్పుడే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. పదమూడు నిండిన తర్వాత లెక్క సులభం: 130గాని, క్రిందిది 80గాని చేరకూడదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘంవారు 2017లో ఈ లెక్కలు సరిచేసి, మూడేళ్ళు నిండిన ప్రతి పిల్లకూ ఏడాదికొకసారి చూడవలెనని చెప్పారు. మన పిల్లల చేతికి ఆ పట్టీ ఎన్నిసార్లు చుట్టారో మనలో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

ఇక కారణం వెతకడం. పెద్దలకు రక్తపోటు వస్తే చాలామందికి కారణం ఇదీ అని తేలదు. చిన్నపిల్లలకు, అందునా ఇంత ఎక్కువగా ఉంటే, ఏదో కారణం దాగి ఉన్నదనే వెతుకుతారు. డాక్టరమ్మగారు రెండు చేతులకూ చూచి, కాలికి కూడా పట్టీ చుట్టారు. గుండెనుంచి బయలుదేరే మహాధమని ఒకచోట పుట్టుకతోనే నొక్కుకుపోయి ఉంటే చేతిలో ఎక్కువ, కాలిలో తక్కువ ఉంటుందట. తొడ మొదట నాడి సరిగ్గా దొరకదట. పెద్ద రక్తనాళముల గోడలు వాచి సన్నబడే జబ్బు ఇంకొకటి ఉన్నది. 1908లో తకయాసు అనే జపాను కంటి వైద్యుడు మొదట వర్ణించాడు గనుక ఆయన పేరే పెట్టారు. మన దేశపు పిల్లలలో మూత్రపిండాల నాళములు సన్నబడి రక్తపోటు రావడానికి అదొక ముఖ్యమైన కారణం. మా అమ్మాయికి అవేవీ కావు. అన్నిటికంటె ఎక్కువగా కనబడే కారణమే దానిది: మూత్రపిండాలు.

విశాఖపట్నం తీసుకుపోయి స్కాను తీయించాము. నరం ద్వారా మందు ఎక్కించి, రెండు మూడు గంటలు కూర్చోబెట్టి, ఫోటో తీశారు. ఎడమ మూత్రపిండం చిన్నదిగా, రెండు మూడు చోట్ల మచ్చలతో ఉన్నది. "పసితనంలో ఈ పిల్లకు జ్వరాలు ఎక్కువగా వచ్చేవా?" అని అడిగారు.

వచ్చేవి. ఏడాదిలోపు నాలుగైదుసార్లు 102, 103 జ్వరం. జలుబు లేదు, దగ్గు లేదు. పళ్ళు వచ్చే జ్వరమని ఇంట్లో అందరమూ అనుకున్నాము. మందుల కొట్టులో ఏదో సిరప్పు తెచ్చి పోస్తే రెండు రోజులకు తగ్గేది. అవి పళ్ళ జ్వరాలు కావు, మూత్రంలో చేరిన సూక్ష్మజీవుల జ్వరాలు. కొందరు పిల్లలకు మూత్రాశయంనుంచి మూత్రం వెనక్కు, పైకి తన్నుతుంది. దానితోబాటు జబ్బు కూడా మూత్రపిండంలోకి ఎక్కి మచ్చ వేస్తుంది. ఆ మచ్చపడిన భాగానికి రక్తం సరిగా అందక, అది రెనిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా వదులుతుంది. ఒళ్ళంతటికీ రక్తం చాలడం లేదన్నట్లు అది చేసే గొడవకు ఒత్తిడి పెరుగుతుంది. ఆఫీసులో ఒక మూల గుమాస్తా తప్పు రిపోర్టు పంపితే పై అధికారి అన్ని శాఖలమీదా కేకలు వేసినట్లు.

పళ్ళు వచ్చేటప్పుడు పిల్ల చిరాకు పడవచ్చు, చొంగ కార్చవచ్చు. 102 జ్వరం పళ్ళవల్ల రాదు. పసిపిల్లకు కారణం తెలియని జ్వరం వస్తే, జ్వరపు మందుకు మించి మరే మందూ పోయకముందే మూత్రం పరీక్ష చేయించండి. ఈ ఒక్క వాక్యం మాకు 2008లో ఎవరైనా చెప్పి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. ఇది తోబుట్టువులకు కూడా ఉండవచ్చునంటే మా చిన్నవాడికి కూడా చూపించాము. దేవుని దయవల్ల వాడికి లేదు.

ఈలోగా చుట్టాలలో ఒకాయన వచ్చి, "రక్తపోటు ఉంటే నరాలకు సున్నం పట్టి రాయి అవుతాయట, ఈ వయస్సుకే పట్టేసి ఉంటుంది" అని కూర్చుని మరీ చెప్పిపోయాడు. ఆ రాత్రి మా ఇంటావిడ అన్నం తినలేదు. మరునాడు డాక్టరమ్మగారిని అదే అడిగాము. ఆవిడ ఓపికగా చెప్పినదీ, తర్వాత మేము తెలుసుకున్నదీ కలిపి వ్రాస్తున్నాము.

మన రక్తంలో కాల్షియం, ఫాస్ఫరసు రెండూ ఉన్నాయి. రెండూ కలిస్తే ఎముక గట్టిపడే పదార్థం తయారవుతుంది. అది ఎముకలోనే జరగాలి, రక్తనాళములో జరగకూడదు. జరగకుండా శరీరంలో కాపలా ఉన్నది. పైరోఫాస్ఫేటు అనేది ఆ కాపలాలలో ఒకటి. మూత్రపిండాలు బాగా దెబ్బతింటే ఫాస్ఫరసు బయటకు పోక రక్తంలో పేరుకుంటుంది, కాపలా సడలుతుంది, నాళముల గోడలలో సున్నం చేరుతుంది. వేడినీళ్ళ గిన్నెకు లోపల తెల్లగా పొలుసు కట్టడం చూచారు గదా. అయితే గిన్నెకు ప్రాణం లేదు, నాళానికి ఉన్నది. ఆ గోడలోని జీవకణములే దారితప్పి ఎముక కణముల పని మొదలుపెడతాయట. గోడ బిగుసుకుంటే ఒత్తిడి మరింత పెరుగుతుంది.

2000లో అమెరికాలో ఒక పరిశీలన చేశారు. డయాలిసిస్ మీద ఉన్న 39 మంది చిన్నవారి గుండె నాళములు స్కానులో చూచారు. ఇరవై ఏళ్ళలోపు వారు 23 మంది. ఒక్కరికీ సున్నం కనబడలేదు. ఇరవైనుంచి ముప్ఫై ఏళ్ళవారు 16 మంది; వారిలో 14 మందికి కనబడింది. గుమాస్తాలము గనుక మాకు అంకెలే అర్థమవుతాయి. ఆ రెండు వరుసల మధ్య ఉన్నవి కొద్ది సంవత్సరాలే. ఆ సంవత్సరాలలోనే జాగ్రత్త పడాలి. మా అమ్మాయికి రెండో మూత్రపిండం బాగా పనిచేస్తున్నది. ఫాస్ఫరసు సరిగానే ఉన్నది. సున్నం మాట లేదు. గుండె గోడ మాత్రం కొంచెం మందమైనది. ఒత్తిడి తగ్గితే అదీ తగ్గుతుందన్నారు, తగ్గింది.

మూత్రపిండాల జబ్బు లేకుండానే పిల్లలకు సున్నం చేరే దారి ఇంకొకటి ఉన్నది. అది మన చేతులతో మనం వేసేది: విటమిన్ డి. విటమిన్ మంచిదే. ఏడాదిలోపు బిడ్డకు రోజుకు 400 యూనిట్లు ఇమ్మంటారు. కాని కొట్లలో 60,000 యూనిట్ల పొట్లాలు అమ్ముతారు. డాక్టరు వారానికొకటి అని వ్రాస్తే, ఇంట్లో రోజుకొకటి వేసినవారు ఉన్నారు. "బలానికి" అని ఆరు లక్షల యూనిట్ల సూదులు ఒకదానిమీద ఒకటి వేయించినవారూ ఉన్నారు. అప్పుడు రక్తంలో కాల్షియం పెరిగి బిడ్డ వాంతులు చేసుకుంటుంది, మలబద్ధకం, దాహం, మాటిమాటికీ మూత్రం, రక్తపోటు. మూత్రపిండాలలోనూ నాళములలోనూ సున్నం. ఇంగ్లండులో 1950ల మొదట్లో పాలపొడులలో, పసిపిల్లల ఆహారాలలో విటమిన్ డి ఎక్కువగా కలిపినందువల్ల ఇట్లా జరుగుతున్నదని అనుమానించి, 1957లో దానిని తగ్గించారు. చీటీమీద వారానికి అని ఉన్నదా, రోజుకు అని ఉన్నదా అన్నది రెండుసార్లు చదవండి. ఒరియాలో ఉంటే, ఇంగ్లీషులో ఉంటే, చదవగలిగినవారిచేత చదివించుకోండి. దానిలో సిగ్గు లేదు.

పుట్టుకతోనే నాళములకు సున్నం పట్టే జబ్బు ఒకటి ఉన్నది. చాలా అరుదు, సుమారు రెండు లక్షల పుట్టుకలకు ఒకటని అంచనా. ఇందాక చెప్పిన కాపలా పైరోఫాస్ఫేటు తయారు కాకపోవడం దానికి మూలం. ఆ లోపం ఏ జన్యువులో ఉన్నదో 2003లో కనిపెట్టారు. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి, రెండూ చెడ్డవే వస్తేనే బిడ్డకు జబ్బు. ఇట్లా రెండు వైపులనుంచీ రావలసిన జబ్బులు ఇంకా అనేకం ఉన్నాయి. దగ్గర చుట్టాలు పెళ్ళి చేసుకుంటే, తాతగారి దగ్గర దాగిన లోపం రెండు దారులలో వచ్చి మనుమని దగ్గర కలుసుకోవచ్చు. మనము ఊరు విడిచి వచ్చి పరాయి భాషలవారి మధ్య నిలబడినవారము. పదిమందిలో పది ఇళ్ళే తెలిసి, మేనరికాలతోనే కులమూ భాషా కాపాడుకున్నాము. దానిని తప్పుబట్టడం లేదు. మేనరికం చేసిన ప్రతి ఇంట జబ్బు రాదు. కాని ఒక ఇంట అట్లాంటి బిడ్డ ఒకడు కలిగి ఉంటే, మళ్ళీ అదే ముడి వేసేముందు ఒక్కసారి డాక్టరును అడగండి.

వీటిలో ఏదీ లేని పిల్లలు కూడా రక్తపోటుతో కనబడుతున్నారు. వారిలో ఎక్కువమంది ఒళ్ళు చేసినవారు, ఆటలు మానినవారు, తల్లిదండ్రులలో ఒకరికి రక్తపోటు ఉన్నవారు. నెలలు నిండకుండా పుట్టినవారు కూడా. ఫిన్‌లాండులో 1980నుంచి కొందరు పిల్లలను పెద్దవారయ్యేదాకా కనిపెట్టి చూస్తే, పన్నెండునుంచి పద్దెనిమిదేళ్ళ వయస్సులో రక్తపోటు, చెడు కొలెస్టరాలు ఎక్కువగా ఉన్నవారికే నలభై ఏళ్ళకు గుండె నాళములలో సున్నం ఎక్కువగా కనబడింది. సున్నం కనబడేది నలభైలో. నాటు పడేది బడి వయస్సులో.

ఇక ఉప్పు. ఈ సంగతి వచ్చినప్పుడు మేము కిరాణా చీటీలు తీసి లెక్క వేశాము. మా ఇంట అయిదుగురము. నెలకు కిలో పొట్లాలు రెండు. గిన్నెలో మిగిలేది, పారబోసేది తీసివేయకుండా చూస్తే మనిషికి రోజుకు పదమూడు గ్రాములు! పెద్దవారికే అయిదు గ్రాములలోపు, అంటే టీచెమ్చాడు, చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పిల్లలకు ఇంకా తక్కువ. అయిదుగురికీ కలిపి నెలకు ముప్పాతిక కిలో దాటకూడదు. పైగా మన బరంపురం అప్పడాలు, ఊరగాయలు ఆ లెక్కలో చేరనే లేదు. అప్పడాల పిండిలో వేసే సోడా ఖారంలో ఉన్నదీ సోడియమే. మీ చీటీ మీరే తీసి చూడండి. కాగితం, పెన్సిలు చాలు.

మా అమ్మకు ఇది పెద్ద దెబ్బ. మనుమరాలికి పెరుగన్నంలో ఆవకాయ ముక్క వేయడమే ఆమె ముద్దు. వారంరోజులు మాట్లాడలేదు. తర్వాత ఒకనాడు తనే జాడీలు అటక ఎక్కించింది. "సైంధవ లవణం వేయవచ్చుగదా" అని అడిగింది. సైంధవ లవణమూ ఉప్పే. కొట్లో అమ్మే తక్కువ సోడియం ఉప్పు మరీ జాగ్రత్త. దానిలో పొటాషియం కలుపుతారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, మా అమ్మాయి వేసుకునే జాతి మందులు వాడేవారికి అది ప్రమాదం. ఇప్పుడు మా అమ్మ నిమ్మరసం, ధనియాలు, జీలకర్రతో వంట నడిపిస్తున్నది. రుచి లేదని మేమే ఒకసారి గొణిగితే, "నీకు కావాలంటే హోటలుకు పో" అన్నది.

మందు రోజూ వేసుకోవాలి. ఒంట్లో బాగుందని మానరాదు. మా అమ్మాయి పన్నెండో ఏట నెలరోజులు దాచి పారేసింది. స్నేహితురాళ్ళు ఎవరూ మందులు మ్రింగడం లేదు, తనకెందుకని. మళ్ళీ తలనొప్పి, మళ్ళీ 140. మేము కేకలు వేశాము. డాక్టరమ్మగారు వేయలేదు, కంటి వెనుక బొమ్మ, గుండె బొమ్మ రెండూ దానికే చూపి, "ఇవి నీవి, నాన్నవి కావు" అన్నారు. ఆనాటినుంచి మందు డబ్బా దాని చేతిలోనే ఉన్నది.

ఇప్పుడు దానికి పదిహేడు. అంకె 112 దగ్గర నిలబడింది. మొన్న పరీక్షకు పోయినప్పుడు డాక్టరమ్మగారు దానితోనే ఒక మాట చెప్పారు. "ఈ మందు కడుపులో బిడ్డకు మంచిది కాదు. పెళ్ళి కుదిరినప్పుడు నాకు చెప్పు, మందు మార్చాలి. నీ మూత్రపిండం సంగతి కానుపు చేసేవారికి తెలియాలి." ఇంటికి వచ్చి మా అమ్మతో ఈ మాట చెప్పాము. ఆమె చాలాసేపు ఊరుకుని, "అయితే దాచితే పిల్లకే ముప్పు" అన్నది. అంతే. మా అక్క తన కొడుక్కు దీనిని చేసుకుంటానని ఎప్పుడో చెప్పి ఉన్నది. ఈ సంగతి తెలిసిన తర్వాత ఆ మాట ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. అమ్మాయి చదువుకుంటానంటున్నది. చదువుకోనీ.

ఉగాది సభకు మన సంఘం తరపున పిల్లల పట్టీలు రెండు సైజులవి కొన్నాము. ఒక డాక్టరుగారు ఉచితంగా చూస్తామన్నారు. మూడేళ్ళు దాటిన పిల్లలను తీసుకురండి. ఆటలాడి రొప్పుతున్న పిల్లవాడిని నేరుగా కూర్చోబెట్టకండి. అయిదు నిమిషాలు చాప మీద ఊరకే కూర్చోనీయండి. ఒక్కసారి ఎక్కువ కనబడితే భయపడవద్దు; మళ్ళీ మళ్ళీ చూచిన తర్వాతగాని నిర్ణయం లేదు. చీటీ మీద అంకె, తేదీ వ్రాసి ఇస్తాము; పారేయకండి.

ఈ కాగితాలు అచ్చుకు పంపేముందు అమ్మాయిచేత చదివించాము. ఒకచోట మేము "పాపం" అని వ్రాసి ఉంటే దానిని కొట్టివేసి తిరిగి ఇచ్చింది. మేము మళ్ళీ వ్రాయలేదు.